మగ్గం ఇంటి పెరట్లో నీలగిరి చెట్టు

నేను ఆ నీలగిరి చెట్టును పెంచింది మా అత్త మీద ప్రేమతో కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ సుఖం, చదివేవాళ్లకూ సుఖం. మంచి కోడలు అనిపించుకోవాలని నేను ఏ రోజూ తాపత్రయపడలేదు. మా అత్త మళ్లీ మగ్గం మీద కూర్చోవాలి, నేను అక్కడి నుంచి లేవాలి. అందుకు ఆ చెట్టు బతకాలి. నాకు కావలసింది అంతే.

మా పుట్టినిల్లు హిందూపురం. కులం నేతవాళ్లదే అయినా మా తాత నాడే మగ్గం వదిలేసి బెల్లం వ్యాపారంలోకి దిగారు. మా నాయన అమ్మకాల కోసం కన్నడ సీమ ఊళ్లన్నీ తిరిగేవాడు. ఇంట్లో సగం తెలుగు, సగం కన్నడం. యాభైల చివర్లో పెళ్లయి ధర్మవరం వచ్చేదాకా నేను మగ్గాన్ని దగ్గరగా చూసిందే లేదు. ఇక్కడ ఇల్లంటే మగ్గం, మిగిలిన గదులన్నీ దాని చుట్టూ సర్దుకున్నవే. మనుషులు దాని పక్కన ఒద్దికగా తిని, ఒద్దికగా పడుకునేవారు.

పట్టుచీరకు రెండు వైపులా వేరే రంగు అంచు రావాలంటే మగ్గం మీద ఇద్దరు కావాలి. నడుమ అడ్డపోగు మోసే నాడె విసిరేది మా మామ. పక్కన కూర్చున్న మనిషి అంచు నాడెను ఎదురు విసిరి, రెండు పోగులూ ఒకదాన్నొకటి పట్టుకునేలా చెయ్యాలి. ఒక్క పోగు తప్పినా అంచు దగ్గర సందు కనిపిస్తుంది. ఆ పక్క చోటు మా అత్తది. కాపురానికి వచ్చిన కొత్తలో మగ్గం కింది గుంతలోకి కాళ్లు వదులుకుని కూర్చున్న మనిషి, కాన్పులకు తప్ప లేచింది లేదని ఆమే చెప్పుకునేది. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కారు, మాట్లాడుకునేవాళ్లు కారు. చేతులు మాత్రం ఒకరి మాట ఇంకొకరికి తెలిసినట్టు నడిచేవి.

అయితే ఆమెకు ఉబ్బసం. చలి మొదలైతే గుంతలో చెమ్మకు ఆమెకు ఊపిరి అందేది కాదు. పట్టుకున్న పోగు వదిలేసి, మగ్గం కర్రకు తల ఆనించి ఎగపోసేది. మామ నాడె పట్టుకుని ఆగేవాడు. నేను వచ్చిన మొదటి చలికాలంలోనే ఒక పొద్దున ఆయన మామూలుగా, అన్నం తింటూ అన్నాడు.

"కోడలు ఉండాది గదా. ఇంక ఆ పిల్లను కూచోబెడదాం."

మా అత్త కంచంలో చెయ్యి కడిగేసుకుని పోయి రాట్నం ముందు కూర్చుని నాడెల్లో పెట్టే పోగు కండెలు చుట్టడం మొదలుపెట్టింది. ఆ పని ఇంట్లో పిల్లలూ ముసలివాళ్లూ చేసేది. ఆమె వీపు చూస్తేనే నాకు తెలిసిపోయింది, ఈ ఇంట్లో ఈ రోజు ఏం జరిగిందో. మా మామకు తెలియలేదు. ఆయనకు చీర తెలుసు, అంతే.

నేను గుంతలో దిగాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు, నాకు ఆ పని రాలేదు. పోగులు తెగేవి. అంచు పొడుచుకొచ్చేది. కాళ్లు తిమ్మిరెక్కి, నడుము పట్టేసి, మధ్యాహ్నానికి నాకు ప్రపంచం మీదే కోపం వచ్చేది. గడప దగ్గర రాట్నం తిప్పుతూ మా అత్త అంతా చూసేది.

"అత్తా, ఇది యాడ తప్పుతాండానో చెప్పగూడదా" అని అడిగితే, "చూస్తే వస్తాది" అనేది.

చూస్తే రాదని ఆమెకూ తెలుసు. నేర్పితే ఆ చోటు నాకు రాసిచ్చినట్టే. అందుకే నేర్పలేదు. నాకు ఆమె మీద కోపం వచ్చింది కానీ, ఆ మొండితనం నాకు అర్థమైంది. ఆమె స్థానంలో ఉంటే నేనూ నేర్పేదాన్ని కాదు.

అప్పుడు మా నాయన చూడటానికి వచ్చాడు. వస్తూ, నేను కబురు చేసినట్టే, తడి గోనెలో చుట్టి నీలగిరి కొమ్మలు తెచ్చాడు. హిందూపురంలో మాకు రొమ్ము పట్టేస్తే అదే మందు. కన్నడ సీమలో కొండల పక్క ఆ చెట్లు బారులు బారులుగా ఉండేవి. ఆకును నలిపి, మరిగే నీళ్లలో వేసి, కంబళి కప్పుకుని ఆవిరి పట్టేవాళ్లం. మా అత్తను బతిమాలలేదు. కుండ తెచ్చి ముందు పెట్టి, నెత్తిన కంబళి వేసేశాను.

"ఏమ్మే, నన్ను ఉడకబెట్టి చంపుతావా" అని లోపలి నుంచి తిట్టింది. "ఇదేం కంపు. ఆసుపత్రి కంపు."

తిడుతూనే పీల్చింది. ఆ రాత్రి ఆమె వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. అంతకు ముందు చలికాలమంతా గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చేది. మర్నాడు ఎవరూ పిలవకుండా వచ్చి, నన్ను భుజం మీద తట్టి, "లెయ్" అంది. నేను లేచాను. పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా వాళ్లిద్దరూ నేశారు. పెరట్లో గిన్నెలు తోముకుంటూ ఆ నాడెల చప్పుడు వింటుంటే నాకు ఎంత సంతోషమేసిందో మాటల్లో చెప్పలేను.

తెచ్చిన ఆకు ఎండిపోయి వాసన పోయేసరికి ఆమె మళ్లీ రాట్నం దగ్గరికి, నేను మళ్లీ గుంతలోకి. నాయన ప్రతిసారీ రైలెక్కి ఆకు మోసుకురాలేడు. అందుకని పెరట్లోనే చెట్టు ఉండాలని నిశ్చయించుకున్నాను.

ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు. "కాయ లేదు, పండు లేదు, దేవునికి పెట్టే పువ్వు లేదు. అది యాటికి మనకు" అన్నాడు మామ. మా ఆయన ఇంకో అడుగు ముందుకేసి, "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గదా, నువ్వు వైద్యానికే పెరట్లో పెడతాండావు" అని నవ్వాడు. మా అత్త రాట్నం తిప్పుతూనే ఉంది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని అప్పటికే ఇంట్లో పేరు పడింది కాబట్టి ఇక ఎవరూ గట్టిగా వాదించలేదు.

మొదటి మొక్కలు మా నాయనే తెచ్చాడు. వేళ్లకు మట్టి పట్టించి, గోనెలో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని. పెరట్లో జాలాడి పక్కన, స్నానాల నీళ్లు పారేచోట అరటి పిలకలు పచ్చగా ఉండేవి. వాటికి కాస్త ఎడంగా పాతాను. వారం తిరిగేలోపే ఆకుల అంచులు కాలినట్టు నల్లబడ్డాయి. నీళ్లు చాలలేదేమోనని ఇంకా పోశాను. చివరికి ఒక్కటీ మిగల్లేదు. పాదుల్లో మట్టి మీద తెల్లటి పొర కట్టింది. వేలితో గీరి నాలుక మీద పెట్టుకుంటే చురుక్కుమంది.

అదేమిటో నాకు అప్పుడు తెలిసింది. ముడి పట్టుకు జిగురు ఉంటుంది. రంగు వేసే ముందు సబ్బూ సోడా వేసి ఉడకబెట్టి ఆ జిగురు తీసేస్తారు. పట్టు ఉడికిన నీళ్లను మా ఇంట్లో వీధిలో పారబోసేవాళ్లు కాదు. అన్నం పెట్టేదాని నీళ్లు తొక్కరాదని, చల్లారాక పెరట్లో ఒక మూల గుంతలో పోసేవాళ్లు. ఎవరో వాటిని నా పాదుల్లో పోశారు.

నేను నేరుగా మా అత్త ముందుకు పోయి నిలబడ్డాను. కడుపులో ఉన్నదంతా కక్కేశాను. నీకు ఆ చెట్టు ఇష్టం లేకుంటే నోటితో చెప్పు, పచ్చని మొక్కలను ఎందుకు చంపుతావు అని అడిగాను. ఆమె రాట్నం ఆపి నా వైపు చూసింది.

"పసి మొక్కలు గదా. పట్టు ఉడికిన నీళ్లు బలమని రోజూ నేనే మోసుకుపోయి పోసినా. బిన్నే పెరగతాయని."

నాలుగు అడుగులు వేస్తే ఎగపోసే మనిషి ఆ కడవను రోజూ పెరటి చివరిదాకా మోసింది. ఆ చెట్టు పెరగాలని నాకంటే ఎక్కువగా కోరుకుంటున్నది ఆమేనని, నోరు విప్పి చెప్పడం మాత్రం చేతకావడం లేదని అప్పుడు అర్థమైంది. పక్కన కూర్చుని కండెలు చుట్టాను. ఆ రోజు నుంచీ చెట్టు మా ఇద్దరిదీ అయింది.

రెండోసారి మొక్కల కోసం ఎవరినీ అడగదలచుకోలేదు. పెనుకొండలో మా చిన్నమ్మ ఇల్లుంది. అక్కడికి పోయినప్పుడు సర్కారు బంగళా ఆవరణలో ఒక పెద్ద నీలగిరి చెట్టు కనిపించింది. గాలికి విరిగి పడిన కొమ్మల నుంచి కాయలు ఏరుకుని కొంగులో మూటకట్టుకున్నాను. ధర్మవరం తెచ్చి గుడ్డ మీద ఎండబెడితే కాయలు నోళ్లు తెరిచి విత్తనం రాల్చాయి. విత్తనమంటే నశ్యం పొడే. అందులో ఏది గింజో ఏది పొట్టో తెలియదు. మా ఆయన వంగి చూడబోతే ఊపిరి బిగబట్టుకోమని చెప్పాను.

ఆ పొడిని ఇసుకలో కలిపి, జల్లించిన మట్టి మీద చల్లాను. పై నుంచి నీళ్లు పోస్తే గింజ కొట్టుకుపోతుంది. అందుకని మట్టిమూకుడికి అడుగున చిల్లి పెట్టి, నీళ్ల పళ్లెంలో కూర్చోబెట్టాను. తడి కింది నుంచే పైకి ఎక్కేది. మొలకలు వచ్చాక ఒక్కోదాన్ని పుల్లతో లేపి వెదురు గొట్టాల్లోకి మార్చాను. నిలువు పోగుల పడుగు ఆరబెట్టే వెదుళ్లు విరిగినవి అటక మీద ఉంటే, మా ఆయన చేత కోయించాను. నాటేటప్పుడు గొట్టాన్ని నిలువునా చీలిస్తే వేరు కదలదు. ఈ ఉపాయం నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి గొట్టం నుంచి మొక్కను లాగి వేరు తెంపుకున్నాక తెలిసింది.

వానలు పడ్డాక సగం మొక్కలు నాటి, సగం గొట్టాల్లోనే ఉంచుకున్నాను. అప్పటికి నాకు కాస్త బుద్ధి వచ్చింది. నాటినవి మోకాలెత్తు పెరిగాయి. ఒకనాడు వాటిలో ఒకటి తల వాల్చింది. పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. నేలకు ఆనేచోట చెదలు చుట్టూ కొరికేశాయి. మిగిలినవీ వరసగా అదే దారి పట్టాయి.

"చెదలకు పెండ్లి భోజనం పెట్టినావు" అన్నాడు మా ఆయన.

"భోజనం ఐపోయింది. ఇంక చేదు పెడతా" అన్నాను.

వేపపిండి, బూడిద సమంగా కలిపి కొత్త గుంతల నిండా పోశాను. పాత గుంతల మట్టి అంతా తవ్వి వీధి చివర పారేశాను. పశువుల ఎరువు పచ్చిది ఒక్క పిడికెడు కూడా వెయ్యనియ్యలేదు, చెదలకు అదే పిలుపు. మిగిలిన పని నాటడం. మా వీధిలో అమావాస్య రోజు మగ్గం గుంతలో ఎవరూ కాళ్లు పెట్టరు. నాకు తీరిక దొరికేది ఆ ఒక్క రోజే. ఆ రోజే నాటతానంటే మామ అడ్డం పడ్డాడు.

"అమావాస్య నాడు ఎవురన్నా చెట్టు పెడతారా మ్మా."

"పున్నమి నాడు నన్ను మగ్గం మీంచి లేవనిస్తావా మామా" అన్నాను.

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. నేను గుంతల దగ్గర కూర్చునేసరికి మా అత్త గొట్టాలను ఒక్కొక్కటే అందిస్తూ వచ్చింది. ఒక్కోదానికీ ఆగి ఊపిరి తీసుకునేది. నేను తొందరపెట్టలేదు.

మేకలు రాకుండా కంప వేశాను. ఎండాకాలం బియ్యం కడిగిన నీళ్లు, మొహం కడిగిన నీళ్లు వాటికే. సబ్బు తగిలిన చుక్క కూడా ఆ వైపు పోకుండా జాలాడికి అడ్డంగా రాతిపలక పెట్టాను. నాటినవాటిలో ఒకటి పక్కింటి దూడ నమిలేసింది, ఒకటి ఎండకు పోయింది. మిగిలిన ఒక్కటి పట్టుకుంది. అది పట్టుకున్నాక ఇక చూడనక్కర్లేకపోయింది. మరుసటి ఏడాదికి ఇంటి మిద్దె దాటింది. బెరడు పొరలు పొరలుగా ఊడి, లోపల నున్నటి తెల్లటి మాను బయటపడేది. గాలి వీచినప్పుడు వీధంతా ఆ వాసనే. మా అత్త దాన్ని ఆసుపత్రి కంపు అనడం మానలేదు, కానీ మంచం మాత్రం దాని కిందికి మార్పించుకుంది.

ఆ చలికాలం నుంచి ఆమె తన చోట కూర్చుంది. తెల్లారగానే నేను పచ్చి ఆకు కోసి కుండ పొయ్యి మీద పెట్టేదాన్ని. ఆవిరి పట్టి, మొహం తుడుచుకుని, ఆమె గుంతలోకి దిగేది. ఉబ్బసం పోయిందని అబద్ధం చెప్పను. కొన్ని రోజులు ఆకు కూడా పనిచేసేది కాదు. ఆ రోజుల్లో నేను కూర్చునేదాన్ని, ఆమె గడప దగ్గర నుంచి నా చేతులను చూస్తూ పళ్లు కొరికేది. కానీ ఎక్కువ రోజులు ఆ మగ్గం ఆమెదే. ఆమె నేసిన అంచుకు వీధిలో ఎవరూ వంక పెట్టలేకపోయారు.

ఒక వేసవిలో బావి అడుగంటింది. నీలగిరి నీళ్లు తాగేస్తుందని వీధిలో అందరూ అన్నారు. వాళ్లు అన్నది పూర్తిగా తప్పని నేనూ అనలేను. మామ గొడ్డలి తెప్పించాడు. చెట్టుకు వీపు ఆనించి నిలబడి నేను చెప్పాను.

"కొట్టు మామా. కొడితే రేపటి నుంచి మగ్గం మీద నేనూ కూచోను, అత్తా కూచోలేదు. ఒక్కడివే రెండు నాడెలు విసురుకుందువు."

ఆయన మా అత్త వైపు చూశాడు. ఆమె గడప మీద కూర్చుని నేల చూస్తోంది. మామ గొడ్డలి గోడకు ఆనించి, "పైకొమ్మలు కొట్టించు, కొంచెం తాగేది తగ్గతాదేమో" అన్నాడు. ఆ వేసవంతా పక్క వీధి బావి నుంచి మా ఇంటికీ, అదే బావి వాడే పక్కింటికీ సరిపడా నీళ్లు తోడి మోశాను. నా భుజాలు కాయలు కాశాయి. పొయ్యి దగ్గర ఎవరూ లేనప్పుడు మా అత్త ఆముదం వెచ్చచేసి నా భుజాలకు రాసేది. రాసి లేచి వెళ్లిపోయేది.

అలా కొన్ని చలికాలాలు గడిచాయి. అరవైల నడుమ, ఒక అమావాస్య మర్నాడు, మగ్గానికి దీపం పెట్టాక మా అత్త గుంతలో దిగలేదు. పక్కన చాప వేసుకుని కూర్చుంది.

"దిగు" అంది నాతో.

నాకు ఒళ్లు మండింది. "ఆకు కోసుకొస్తాండా. ఆవిరి పట్టు. మధ్యాహ్నానికి నువ్వే కూచుంటావు" అన్నాను.

"ఆవిరి పట్టినా. ఊపిరి బాగుండాది ఈ పొద్దు."

"మరి యాటికి లేచినావు."

"ఊపిరి బాగున్నప్పుడే లేస్తాండా. ఆ పొద్దు నన్ను లేపినారు. ఈ పొద్దు నేనే లేస్తాండా."

మామ నాడె పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. అన్నేళ్లలో ఆయన మగ్గం మీద కూర్చుని ఆమె మొహం వైపు చూడటం నేను చూడలేదు. ఆమె ఆయనను పట్టించుకోలేదు. నేను గుంతలో దిగగానే నా మణికట్టు పట్టుకుని చెయ్యి అంచు నాడె మీద పెట్టింది.

"నువ్వు పోగును లాగతాండావు. లాగొద్దు. మీ మామ విసిరే ముందు ఎడమ భుజం కొంచెం వాలతాది. అది చూసుకో. వాలిందంటే నువ్వు నాడె వదిలెయ్. మిగిలింది అదే పట్టుకుంటాది."

ఇన్నేళ్లూ నేను ఆయన చేతులు చూస్తూ వచ్చాను. భుజం చూడాలని నాకెలా తెలుస్తుంది? ఆ చోటు తప్పించుకోవడానికి మూడుసార్లు మొక్కలు నాటినదాన్ని, అక్కడే కూర్చుని ఏడ్చాను. కళ్లు తుడుచుకునే తీరిక లేదు, నీళ్లు పడితే పట్టు మచ్చ పడుతుందని మా అత్తే తన కొంగుతో నా మొహం తుడిచింది.

మామ ఎడమ భుజం వాలింది. నేను నాడె వదిలాను.